టెక్ సందేహాలు: వాన చప్పుడు వినిపించే యాప్‌కు మైక్రోఫోన్ ఎందుకు?

కొన్ని నెలలుగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో ఒకే ఫిర్యాదు మళ్ళీ మళ్ళీ కనబడుతోంది. ఏడీహెచ్‌డీ (ధ్యాస ఒకచోట నిలవక, కుదురుగా ఉండలేని స్థితి) ఉన్నవారు, అలాంటి పిల్లల తల్లిదండ్రులు, నిశ్శబ్దంలో నిద్ర పట్టక ఫోనులో వాన చప్పుడో ఫ్యాను హోరో పెట్టుకుంటున్నారు. నిద్రపుచ్చాల్సిన ఆ ఫోనే అర్ధరాత్రి వారిని లేపి కూర్చోబెడుతోంది. విడివిడిగా రాసిన జవాబులనే తిరగరాయడం కంటే నాలుగు ఉత్తరాలను ఒకచోట పెట్టి చెప్పడం మేలనిపించింది.

కర్నూలు బి. క్యాంపు నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: "సార్, నాకు ఏడీహెచ్‌డీ ఉందని పోయిన ఏడాది డాక్టరు చెప్పారు. గదిలో చప్పుడు లేకపోతే ఆలోచనలు ఆగవు. బ్రౌన్ నాయిస్ యాప్ పెట్టుకుంటే నిద్ర పడుతోంది కానీ, రెండు గంటల ప్రాంతంలో అది ఆగిపోతుంది, నాకు మెలకువ వచ్చేస్తుంది. కొన్నిసార్లు మధ్యలో ప్రకటన మోగుతుంది. డబ్బు కట్టి తీసుకునే యాప్ కొనమంటారా?"

కొనవద్దు. మీ యాప్‌ను ఆపుతున్నది మీ ఫోనులోని బ్యాటరీ పొదుపు ఏర్పాటు. తెర ఆరిపోయి కొన్ని గంటలైతే, వెనుక నడుస్తున్న యాప్‌లను అది తనంతట తానే మూసేస్తుంది. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు బ్యాటరీ పరిమితి తీసేస్తే చాలావరకు తగ్గుతుంది. ప్రకటన సంగతి మాత్రం నాకు కోపం తెప్పిస్తోంది. మనిషి నిద్రపోవడానికే తయారుచేసిన యాప్‌లో, వాన చప్పుడుకు రెండింతల గొంతుతో ప్రకటన వేయవచ్చునని ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించి ఒప్పుకొని ఉండాలి.

చప్పుడు ఆగితే మెలకువ ఎందుకు వస్తుందో ధర్మవరంలో పుట్టిన నాకు ఒకరు చెప్పనక్కరలేదు. మా ఇంటి నడవలోనే గుంట మగ్గం ఉండేది. నాడె అటూ ఇటూ పోయే చప్పుడులోనే మేము నిద్రపోయేవాళ్ళం. దారం తెగి మగ్గం ఆగిన క్షణంలో పిల్లలమందరమూ కదిలేవాళ్ళం. ఒకే తీరున సాగే శబ్దాన్ని మెదడు కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది, దానిలో వచ్చే మార్పును మాత్రం వదలదు. ఏడీహెచ్‌డీ ఉన్నవారు చిన్న మార్పుకే అటు మళ్ళిపోతారు కనుక, వారికి కావలసిన శబ్దంలో మాట ఉండకూడదు, పాట ఉండకూడదు, మొదలూ చివరా తెలియకూడదు.

ఇక వైట్, పింక్, బ్రౌన్ అని రంగుల పేర్లతో పిలిచే హోరుల సంగతి. వైట్ నాయిస్‌లో అన్ని పౌనఃపున్యాలకూ, అంటే కింది స్వరాల నుంచి పై స్వరాల దాకా అన్నిటికీ, సమాన శక్తి ఉంటుంది, అందుకే అది చెవికి బుస్సుమని వినిపిస్తుంది. పింక్ నాయిస్‌లో ఒక్కో ఆక్టేవుకు (పౌనఃపున్యం రెట్టింపైన ప్రతిసారీ) 3 డెసిబెల్స్ చొప్పున, బ్రౌన్ నాయిస్‌లో 6 డెసిబెల్స్ చొప్పున పై స్వరాలు తగ్గుతూ పోతాయి, అందువల్ల అవి దూరపు జలపాతంలా బరువుగా వినిపిస్తాయి. బ్రౌన్ అంటే గోధుమ రంగు కాదు. 1827లో నీటిలో పుప్పొడి నుంచి వెలువడిన రేణువుల కదలికను గమనించిన వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రౌన్ పేరు అది. అయితే ఫోనులోని చిన్న స్పీకరు కొన్ని వందల హెర్ట్జ్‌ల దిగువన ఉన్న బరువైన శబ్దాన్ని దాదాపు పలకలేదు. కాబట్టి ఫోనులో మీరు బ్రౌన్ అనుకొని వింటున్నది, అడుగు తెగిపోయిన ఒక సన్నని హోరు మాత్రమే. పాత పెద్ద స్పీకరు ఇంట్లో ఉంటే దానికి వైరు తగిలించి వినండి, తేడా మీకే తెలుస్తుంది.

శబ్దాన్ని మీరే తయారుచేసుకోవచ్చు. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ మూడు రకాలనూ కావలసినంత నిడివితో పుట్టించవచ్చు. పది నిమిషాల ముక్కను ఎంపీ3గా చేసి తిప్పి తిప్పి వేస్తే, ఆ పద్ధతిలో ఫైలు మొదట్లోనూ చివరా కొద్దిపాటి మౌనం చేరుతుంది కనుక, ప్రతి పది నిమిషాలకూ ఒక చిన్న తెంపు వినిపిస్తుంది. మామూలువారు దానిని గమనించకపోవచ్చు, మీరు దాని కోసమే ఎదురుచూస్తూ పడుకుంటారు. అందుచేత ఎనిమిది గంటల నిడివి ఉన్న ఒకే ఫైలు చేసుకోండి. 64 కేబీపీఎస్ నాణ్యతతో అది సుమారు 230 ఎంబీ అవుతుంది. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి దానిని నడిపిస్తే ప్రకటన రాదు, వాట్సాప్ మోగదు, డేటా ఖర్చు కాదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు, యువకుల మీద వైట్, పింక్ నాయిస్ అధ్యయనాలు 13 తీసుకొని, మొత్తం 335 మందికి సంబంధించిన ఫలితాలను కలిపి చూసిన సమీక్ష 2024లో వచ్చింది. పని మీద ధ్యాస నిలవడంలో వారికి కొద్దిపాటి మేలు కనిపించింది. ఆ ఇబ్బంది లేనివారికి అదే శబ్దం కొద్దిగా చెరుపు చేసింది. బ్రౌన్ నాయిస్ మీద ఒక్క అధ్యయనం కూడా ఆ సమీక్షకు దొరకలేదు. ఇదంతా మెలకువగా ఉండి చేసే పనికి సంబంధించినది, నిద్రకు కాదు. శబ్దంతో నిద్ర మెరుగవుతుందా అని 2021లో వచ్చిన మరో సమీక్ష, ఇప్పటిదాకా ఉన్న ఆధారాలు చాలా బలహీనమైనవని తేల్చింది. మీకు పనిచేస్తోంది కాబట్టి వాడుకోండి. శాస్త్రం రుజువు చేసిందని రాసి డబ్బడిగే యాప్‌ను మాత్రం నమ్మకండి.

కడప నుంచి ఒక తల్లి: "మా బాబుకు తొమ్మిదేళ్ళు, ఏడీహెచ్‌డీ ఉంది. ట్యూషన్ గ్రూపులో ఎవరో పంపిన లింకు నుంచి నిద్ర శబ్దాల యాప్ ఎక్కించాను. అది మైక్రోఫోను, కాంటాక్టులు, ఇంకేదో యాక్సెసిబిలిటీ అనుమతి అడిగింది. అన్నిటికీ సరే అన్నాను. ఏమైనా ప్రమాదమా?"

అమ్మా, ఇది చదివిన వెంటనే ఆ యాప్ తీసేయండి. తీసే ముందు సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ విభాగంలోకి వెళ్ళి దాని మీట ఆపేయండి, లేకపోతే కొన్ని యాప్‌లు తమను తొలగించనివ్వవు. ఆ అనుమతి చూపు సరిగా లేనివారికి తెర మీది అక్షరాలు చదివి వినిపించడానికి, వేళ్ళు సహకరించనివారి తరఫున మీటలు నొక్కడానికి పెట్టినది. దానిని చేజిక్కించుకున్న యాప్ మీ తెర మీద ఉన్నదంతా చదవగలదు, మీరు నొక్కినట్లే నొక్కగలదు. బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే నకిలీ యాప్‌లు వాడుకునే దారి ఇదే. అదే ఫోనులో మీ బ్యాంకు యాప్ ఉంటే, వేరే ఫోను నుంచి పిన్నూ పాస్‌వర్డూ మార్చండి. డబ్బు పోయినట్లు అనుమానం కలిగితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి. స్టోరులో కాక లింకులో వచ్చిన యాప్ ఎవరు పంపినా, బడి పంతులు పంపినా, ఎక్కించవద్దు.

కాంటాక్టులు అడిగేది మీ ఫోనులోని నంబర్లు పోగుచేసుకోవడానికని సులభంగానే అర్థమవుతుంది. నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మైక్రోఫోను. వాన చప్పుడు వినిపించడానికి స్పీకరు చాలు. గురక పట్టుకోవడానికి, నిద్రలో మాటలు రికార్డు చేయడానికి మైక్ కావాలని యాప్‌లు చెబుతాయి. ఆ సేవ కోరుకున్నవారికి అది సరే. కోరనివారికి కూడా మొదటి తెర మీదే అడిగి, ఇవ్వకపోతే ముందుకు కదలనివ్వని యాప్‌లు ఉన్నాయి. నేను ఒక పాత ఫోనులో అలాంటి యాప్ ఒకటి ఎక్కించి, అనుమతి ఇచ్చి, గురక రికార్డింగు ఆపి ఉంచి, వాన చప్పుడు మాత్రమే పెట్టి మంచం పక్కన స్టూలు మీద ఉంచాను. దీపం ఆర్పి చూస్తే తెర పై మూలన ఆవగింజంత పచ్చ చుక్క వెలుగుతోంది. ఆండ్రాయిడ్ 12 నుంచి మైకో కెమెరాయో పనిచేస్తుంటే ఆ చుక్క కనబడుతుంది. తెల్లవారి ప్రైవసీ డాష్‌బోర్డు (ఏ యాప్ ఏ అనుమతి ఎప్పుడు వాడిందో చూపే సెట్టింగ్స్ పేజీ) తెరిస్తే, రాత్రి పొడుగునా ఆ యాప్ మైక్ వాడినట్లు గంటల లెక్కతో సహా ఉంది. ఆ గంటలలో ఆ గదిలో నేనూ నా భార్యా మాట్లాడుకున్నాం. మా అమ్మ మందుల గురించి నేను అన్నయ్యతో ఫోనులో మాట్లాడాను. ఆ మాటలు ఫోనులోనే ఆగాయో, ఎక్కడికైనా వెళ్ళాయో తెలుసుకునే మార్గం నాకు లేదు.

మీ ఇంట్లో ఆ గదిలో పడుకున్నది తొమ్మిదేళ్ళ పిల్లవాడు. పద్దెనిమిదేళ్ళ లోపువారి సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల రూఢి అయిన సమ్మతి ఉండాలని 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతోంది. సమ్మతి ఇచ్చేది మీరే కనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఆ చుక్క ఒకసారి చూడండి, డాష్‌బోర్డు ఒకసారి తెరవండి. పిల్లవాడి పేరో, ఏడీహెచ్‌డీ అన్న మాటో, వేసుకునే మందో ఏ యాప్‌లోనూ రాయకండి.

బాబుకు శబ్దం కావాలంటే ఒక టేబుల్ ఫ్యానును గోడ వైపు తిప్పి పెట్టండి. దానికి మైక్ లేదు, ఇంటర్నెట్ లేదు. కరెంటు పోతే మాత్రం ఆగుతుంది, ఇన్వర్టరు మీద ఉంచండి. పిల్లల కోసం అమ్మే శబ్ద యంత్రాలు కొనాలనుకుంటే, అలాంటివి 14 పరీక్షించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో మూడు యంత్రాలు పూర్తి గొంతులో 85 డెసిబెల్స్ దాటాయని గుర్తుంచుకోండి. మంచానికి దూరంగా, గది అవతలి గోడ దగ్గర, తక్కువ గొంతులోనే వాడాలి.

గుంతకల్లు రైల్వే క్వార్టర్స్ నుంచి ఒక ఉద్యోగి: "ఏడీహెచ్‌డీ వల్ల చిన్న చప్పుడుకే లేస్తాను. రైలు కూతలకు తట్టుకోలేక బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకొని పడుకుంటున్నాను. నిద్రకు మంచి రకం ఏది?"

రకం చెప్పే ముందు, మూడు గంటలకు మీ చెవిలో ఏమి జరుగుతుందో అడుగుతాను. చార్జింగ్ తగ్గగానే "బ్యాటరీ లో" అని ఒక గొంతు పలుకుతుంది కదా? బాహ్య శబ్దాన్ని అణచే పనిలో గంటల తరబడి నడిచి, నిద్ర గాఢంగా ఉన్న వేళకు ఆ బడ్స్ మీ కర్ణభేరికి అంగుళం దూరంలో మాట్లాడతాయి. ఆ గొంతును తగ్గించే మీట చాలా రకాలలో లేదు. అందుకే నేను మీకు ఏ రకమూ చెప్పను, మైనపు లేదా స్పాంజి ఇయర్ ప్లగ్సూ, గదిలో ఫ్యానూ చాలు.

నా బాధ ఇయర్‌బడ్స్‌తో ఆగదు. రాత్రి వాడే ఏ పరికరమూ రాత్రి కోసం ఆలోచించి చేసినట్లు లేదు. స్పీకరు ఆన్ చేస్తే కేక వేస్తుంది, చార్జర్ నీలి దీపం గది నిండా పరుస్తుంది, అప్‌డేట్ ఒకటి తెల్లవారుజామున ఫోనును రీస్టార్ట్ చేసి శబ్దాన్ని ఆపేస్తుంది. నిద్ర యాప్‌లు లేవగానే మీ నిద్రకు మార్కులు వేస్తాయి. ఆ మార్కుల మీద దిగులుతోనే నిద్ర చెడగొట్టుకునేవారిని చూసి అమెరికా పరిశోధకులు 2017లో ఆర్థోసోమ్నియా అని పేరే పెట్టారు. వారం రోజులు ఉచితమని చెప్పి యూపీఐ ఆటోపే (గడువు రాగానే ఖాతా నుంచి డబ్బు దానంతటదే కోసుకునే అనుమతి) తీసుకుంటారు. యాప్ తీసేసినా ఆటోపే ఆగదు, మీ యూపీఐ యాప్‌లోకి వెళ్ళి దానిని విడిగా రద్దు చేయాలి. 15,000 రూపాయల లోపు కోతలకు ప్రతిసారీ పిన్ అడగరు, 24 గంటల ముందు ఒక మెసేజి మాత్రం వస్తుంది. మరచిపోవడమే ఇబ్బందిగా ఉన్న మనుషులను ఏరుకొని, వారు మరచిపోతారన్న నమ్మకం మీద వ్యాపారం చేయడాన్ని నేను అన్యాయమే అంటాను. అలాంటి యాప్ ఎక్కించిన రోజే రద్దు చేయండి, చాలా యాప్‌లలో వారం ఎలాగూ నడుస్తుంది.

మీ ఉత్తరంలో ఇంకో మాట ఉంది, రోజూ ఒంటిగంట దాటితే గాని నిద్ర రాదని. ఏడీహెచ్‌డీ ఉన్న పెద్దవారిలో చాలామందికి శరీర గడియారమే వెనక్కి జరిగి, నిద్రకు సంకేతమిచ్చే హార్మోను మెలటోనిన్ ఆలస్యంగా ఊరుతుంది. అది రైలు కూత వల్ల వచ్చినది కాదు, ఏ శబ్దమూ దానిని ముందుకు జరపలేదు. మీ డాక్టరుతో మాట్లాడండి. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

అనంతపురం నుంచి ఒక ఉపాధ్యాయిని: "పక్కన కల్యాణ మండపం. మైకు మోత వినబడకుండా ఉండాలంటే వైట్ నాయిస్ గొంతు ఎంత పెంచాలి?"

పెంచవద్దు. మోతను మోతతో ముంచితే చెవులు పోయేది మీకే. గది తలుపు దగ్గర నిలబడి ఒకరు మామూలుగా పిలిస్తే మీకు వినబడాలి, అంతకు మించి గొంతు వద్దు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు పరిమితి 45 డెసిబెల్స్. ఆ వేళలో ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు, ప్రభుత్వం ఏడాదిలో కొద్ది రోజులకు ఇచ్చే ప్రత్యేక సడలింపు వేరు. పది దాటినా మోగుతుంటే 112కు ఫోను చేయండి. కొలవడానికి డెసిబెల్ మీటర్ యాప్ ఎక్కించే ఆలోచన ఉంటే మానుకోండి. ఫోను మైక్ సరిగ్గా కొలవలేదు, పైగా అది కూడా మైక్ అనుమతి అడిగేదే.