గన్నును తిట్టొద్దు తమ్ముడూ

ప్రశ్న: అన్నా, మాది గుంతకల్లు. మెకానిక్ షాపులో పని నేర్చుకుంటా ఉన్నా. పగిలిన బంపర్లు, మందు కొట్టే ట్యాంకులు హాట్ ఎయిర్ గన్నుతో అతుకుతా. చూసేదానికి నున్నగానే ఉంటుంది, వారానికే మళ్లీ అదే గీత మీద విడిపోతోంది. వేరే గన్ను కొనాల్నా?

జవాబు: గన్ను అట్లే ఉండనీ. ఊడిన అతుకును గోరుతో లేపి చూడు. రాడ్డు, అంటే పగులులో కరిగించి నింపే ప్లాస్టిక్ పుల్ల, దారం మాదిరి మొత్తం లేచొచ్చిందంటే, రాడ్డు కరిగింది గానీ కిందిది కరగలేదు. రాడ్డు సన్నం కదా, సెగ తగిలితే ముందు అదే మెత్తబడుతుంది. అందుకే సెగ ఎక్కువగా పగులు మీదే పడేటట్టు గన్ను ఆడిస్తా, రాడ్డును నిదానంగా నొక్కాల. రాడ్డుకు రెండు పక్కలా సన్నటి కట్ట మాదిరి ఉబ్బితేనే పట్టినట్టు. పొగ లేచిందంటే మాడింది. అది గీరేసి మళ్లీ మొదలుపెట్టు.

రాడ్డు ఏది వాడుతున్నావో రాయలేదే? బంపరు లోపలివైపు అది ఏ రకం ప్లాస్టిక్కో అచ్చు ఉంటుంది, చూడు. పీపీ (పాలీప్రొపిలీన్) అయితే పీపీ రాడ్డే. ట్యాంకు హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథీన్) అయితే దానికి పీపీ పట్టదు. రెండూ నీళ్లలో తేలేవే, చేతికి ఒకే మాదిరి జారేవే, అక్కడే మోసపోతాం. నేనైతే ఇప్పటికీ అదే రకం పాత ట్యాంకు కోసి, రాడ్డుకు బదులు వాడేదానికి పీలికలు దాచుకుంటా.

పగులు రెండు కొసల్లో 3 మిల్లీమీటర్ల బొక్క వేస్తే ఇంక పాకదు. దాని పొడవునా వాలుగా గాడి తీసి, రంగూ మురికీ పోయేటట్టు బ్లేడుతో గీరు. ఇదంతా అయినాకే గన్ను పట్టుకునేది.

ఇంక చల్లారనిచ్చే సంగతి. నేను అనంతపురంలో అంగడి పెట్టిన కొత్తలో ఒక చీనీ తోట రైతు ట్యాంకు తెచ్చినాడు. బస్సు టైమయితాందని ఆయన వాకిట్లో నిలబడితే, అతుకు మీద నీళ్లు పోసి చల్లార్చి ఇచ్చేసినా. పైన గట్టిపడుతుంది, లోపలిది ఇంకా ముడుచుకుంటా ఉంటుంది. మరుసటి రోజే అతుకు పక్కన చీలి, వీపంతా మందు కారిందంట. ఆయన వచ్చి ఒక్క మాట అనలా. చొక్కా ఎత్తి ఎర్రగా కందిన వీపు చూపించినాడు. డబ్బులు వాపసు ఇస్తే తీసుకోకుండా పోయినాడు.

ఒక పది రోజులు పనికిరాని ముక్కలే అతుకు. చల్లారినాక వంచి విరువు. అతుకు కాడ కాకుండా పక్కన విరిగితే అప్పుడు గిరాకీ బంపరు ముట్టుకో. పెట్రోలు ట్యాంకు మాత్రం ఎవరు తెచ్చినా వెనక్కి పంపు.