ఎడిటర్ల సంఘంలో ఎవరిని చేర్చుకోవాలి: బైలా రాస్తున్న అబ్బాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన మీ ఎడిటర్ల సంఘం బైలా (నియమావళి) ముసాయిదా చదివాను. ఆశయాలకు నాలుగు పేజీలు కేటాయించి, సభ్యత్వాన్ని మాత్రం ఒక్క వాక్యంతో ముగించారు: ‘పత్రికలో సంపాదక హోదాలో పనిచేసేవారు ఎవరైనా అర్హులు.’ ఆశయాల మీద ఏ సంఘంలోనూ ఎవరూ కొట్టుకోరు. కొట్టుకునేది ఓటరు జాబితా మీద. కాబట్టి ఆ ఒక్క వాక్యాన్ని విప్పి రెండు పేజీలు చెయ్యి, ఆశయాలను అర పేజీకి కుదించు.

ముందుగా ‘సంపాదక హోదా’ అన్న మాట కొట్టెయ్. మన పత్రికల్లో చీఫ్ ఎడిటర్, మేనేజింగ్ ఎడిటర్, అసోసియేట్ ఎడిటర్, న్యూస్ ఎడిటర్, రెసిడెంట్ ఎడిటర్, సబ్ ఎడిటర్, ఇలా అందరి హోదాలోనూ ఎడిటర్ ఉంటాడు. చిన్న పత్రికల్లోనైతే ప్రకటనలు తెచ్చేవాడికి జీతం బదులు ‘అసోసియేట్ ఎడిటర్’ అని విజిటింగ్ కార్డు కొట్టించి ఇస్తారు. హోదాను కొలబద్దగా పెట్టుకుంటే ఆ కార్డును కాదనే వీలు నీకుండదు. చేసే పనిని కొలబద్దగా పెట్టు. 1867 నాటి ప్రెస్ అండ్ రిజిస్ట్రేషన్ ఆఫ్ బుక్స్ (పీఆర్‌బీ) చట్టం ఎడిటర్‌ని ఒక్క ముక్కలో చెప్పింది: పత్రికలో అచ్చయ్యే విషయం ఎంపిక ఎవరి చేతిలో ఉంటే వారే ఎడిటర్. 2024 మార్చి 1 నుంచి దాని స్థానంలో 2023 నాటి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. అయినా సంఘం అవసరానికి ఆ పాత మాటే గట్టిది. ఇలా రాసుకో: ‘ఏది అచ్చుకు వెళ్లాలి, ఏది ఆగాలి అన్న తుది నిర్ణయం తీసుకునే వ్యక్తి, లేదా ఆ అధికారాన్ని రాతపూర్వకంగా పొంది, ఒక ఎడిషన్‌కో ఒక విభాగానికో అమలు చేసే వ్యక్తి.’ రెండో భాగం లేకపోతే రెసిడెంట్ ఎడిటర్లు, ఎడిషన్ ఇన్‌చార్జులు బయటే ఉండిపోతారు. ‘రాతపూర్వకంగా’ అన్న మాట లేకపోతే వార్తలు దిద్దే డెస్క్ మొత్తం లోపలికి వస్తుంది.

పత్రిక చివరి పేజీ అడుగున, ముద్రించేవారి, ప్రచురించేవారి, ఎడిటర్ పేర్లతో ఉండే ఇంప్రింట్ లైన్ మంచి ఆధారం. అక్కడ ఎడిటర్ పేరు పక్కన చుక్క గుర్తు (*) పెట్టి ‘పీఆర్‌బీ చట్టం ప్రకారం వార్తల ఎంపికకు బాధ్యులు’ అని వేయడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు. అయితే దాన్నొక్కదాన్నే నమ్ముకోకు. పెద్ద పత్రికల్లో చీఫ్ ఎడిటర్ వేరు, ఇంప్రింట్‌లో ఎడిటర్ వేరు. మలయాళ మనోరమ చీఫ్ ఎడిటర్ కె.ఎం. మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చూసిందీ ఈ తేడానే: పాత చట్టం 7వ సెక్షన్ కింద బాధ్యత ఉందన్న ఊహ ఎడిటర్‌గా పేరు అచ్చయిన వ్యక్తి మీదే నిలుస్తుంది గానీ, చీఫ్ ఎడిటర్ అన్నంత మాత్రాన ఆయన మీదికి పోదు. చిన్న పత్రికల్లో ఇది తిరగబడుతుంది. ఇంప్రింట్‌లో భార్య పేరో బావమరిది పేరో ఉంటుంది, పేజీలు పెట్టేది ఇంకొకరు. అలాంటి చోట సభ్యత్వం పేజీలు పెట్టేవాడికే దక్కాలి. ఇంప్రింట్ ఆధారంగా పత్రికకు ఒక్కరికే సభ్యత్వం అని రాస్తే, ఆ అసలు మనిషి ఎవరో తేలిపోతుంది.

ఇక యజమానుల సంగతి. నీ కమిటీలో గట్టిగా వాదన జరిగేది దీని మీదే, అందుకే ఇక్కడ కాస్త నిలబడి ఆలోచించు. యజమాని అయితే చాలు కాదనేయాలి అని రాస్తే, ఆంధ్రపత్రికను పెట్టి తానే సంపాదకుడిగా నడిపిన కాశీనాథుని నాగేశ్వరరావు గారికి కూడా మీ సంఘంలో చోటు ఉండదు. యజమానులందరికీ తలుపు తీస్తే జీతం తీసుకునే ఎడిటర్ తన యజమాని ఎదురుగా కూర్చుని ఓటేయాలి, ఇక ఏమన్నా మాట్లాడగలడా? పత్రికల ప్రమాణాలు చూసే ప్రెస్ కౌన్సిల్ చట్టం దీన్ని ఒక పద్ధతిలో తేల్చింది. చైర్మన్ కాక 28 మంది సభ్యుల్లో 13 మంది వర్కింగ్ జర్నలిస్టులు, అందులో 6 సీట్లు ఎడిటర్లవి. సొంత పత్రిక ఉన్నవారిని, పత్రిక మేనేజ్‌మెంట్ చూసేవారిని ఆ 13 సీట్లలోకి రానివ్వరు. యజమానులకు, మేనేజ్‌మెంట్‌కు విడిగా 6 సీట్లు. నా సలహా కూడా ఇదే దారి. రోజూ పేజీలు చూసే యజమాని సభ్యుడు కావచ్చు, ఫీజు కట్టవచ్చు, సభలకు రావచ్చు. జీతాలు, ఉద్యోగ భద్రత, వేజ్ బోర్డుల లాంటి తీర్మానాల మీద ఓటు, అధ్యక్ష కార్యదర్శి పదవులు ఉండవు. ‘యజమాని’ అంటే ఎవరో కూడా రాయి. పాత నిబంధనల్లో ఏటా ఫిబ్రవరి ముగిశాక వచ్చే మొదటి సంచికలో అచ్చేసే ఫారం–4 ప్రకటన ఒకటుండేది, అందులో మూలధనంలో ఒక శాతానికి మించి వాటా ఉన్నవారి పేర్లు ఇవ్వాల్సి ఉండేది. ఆ ఒక శాతం గీతనే మీరూ వాడుకోండి, వాదన ఉండదు.

సర్క్యులేషన్ అంకె పెట్టాలని ఎవరో సూచించారని రాశావు. వద్దు. ప్రభుత్వ ప్రకటనల లెక్కల్లో 25 వేల లోపు చిన్న పత్రిక, 75 వేల వరకు మధ్యతరహా, ఆపైన పెద్దది అంటారు. ఆ అంకెలు ప్రకటనల రేటు కోసం చెప్పేవి, ఎంత నమ్మాలో నీకూ తెలుసు. అమెరికాలో 1922లో పెట్టిన ఎడిటర్ల సొసైటీ మొదట్లో లక్ష జనాభా దాటిన నగరాల దినపత్రికల ఎడిటర్లకే పరిమితమైంది. అదే సంస్థ 2009లో పేరులోంచి న్యూస్‌పేపర్ అనే మాట తీసేసి ఆన్‌లైన్ ఎడిటర్లకూ చోటిచ్చింది. మొదట గీసిన అంకెల గీతలు తర్వాత చెరుపుకోక తప్పదు.

అంకె కావాలంటే ఎన్ని సంచికలు వచ్చాయో లెక్కపెట్టు. మూడు నెలల్లో రావలసిన సంచికల్లో సగం కూడా రాకపోతే పత్రిక నడపడానికి ఇచ్చిన డిక్లరేషన్ చెల్లదని పాత చట్టం అనేది. దాన్నే తీసుకుని, దరఖాస్తుకు ముందు 12 నెలల్లో కనీసం సగం సంచికలు వచ్చి ఉండాలని పెట్టు. ఉగాదికి, సంక్రాంతికి, ఆగస్టు 15కి ప్రకటనల కోసం మాత్రమే బయటికొచ్చే పత్రికలు దీంతోనే ఆగిపోతాయి. ఫైల్ కాపీలు అడిగేటప్పుడు వరుస సంచికలు అడగకు. నువ్వే తేదీలు ఎంచి, నెలకొకటి చొప్పున 12 అడుగు. మాస్ట్‌హెడ్ (మొదటి పేజీ మీది పత్రిక పేరు) ఒక్కటి మార్చి లోపలి పేజీలు అవే ఉంచి మూడు పేర్లతో కొట్టే ప్రెస్సులున్నాయి. కమిటీలో ఇద్దరు కూర్చుని ఒక తేదీ పత్రికలన్నీ పక్కపక్కన పెడితే పది నిమిషాల్లో తేలిపోతుంది. ప్రెస్సు బిల్లు కూడా జత చేయమను. రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే పత్రిక నడుస్తున్నట్టు కాదు, టైటిల్ ఖాయమైనంత మాత్రాన అసలే కాదు.

ప్రభుత్వం జర్నలిస్టులకిచ్చే అక్రిడిటేషన్ కార్డు కూడా ఎడిటర్ అనడానికి ఆధారం కాదు. అపాయింట్‌మెంట్ ఆర్డర్, జీతం స్లిప్పు లేదా బ్యాంకు ఖాతాలో జీతం పడిన ఆరు నెలల వివరం, అధికారం అప్పగించిన లేఖ, ఇద్దరు సభ్యుల సంతకాలు, ఇవి చాలు. ఆ ఇద్దరూ వేరే వేరే పత్రికల వాళ్లై ఉండాలి. ఒకే యాజమాన్యం కింద ఉన్న ఎడిషన్ల నుంచి మొత్తం సభ్యుల్లో ఐదో వంతుకు మించి ఓటర్లు ఉండకూడదన్న నిబంధన కూడా చేర్చు. ఇది లేకపోతే ఎడిషన్లు ఎక్కువున్న పత్రిక ఒక్కటే పాలకవర్గాన్ని ఎన్నుకుంటుంది.

వెబ్‌సైట్ల ఎడిటర్లకూ అదే పని పరీక్ష వర్తిస్తుంది. రోజువారీ వార్తలు, పేరు ప్రకటించిన ఎడిటర్, తప్పు దొర్లితే సవరణ వేసే చోటు ఉండాలి. ఒక్కడే నడిపే యూట్యూబ్ చానల్‌లో ఎంపిక చేసేవాడూ మాట్లాడేవాడూ ఒకడే గనక, దాన్ని అసోసియేట్ సభ్యత్వంలో పెట్టు, ఓటు లేకుండా.

ముసాయిదాలో ఉద్యోగం పోతే ఏమవుతుందో లేనే లేదు. ఎడిటర్ ఉద్యోగం ఎంత గట్టిదో నీకు చెప్పక్కర్లేదు. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం మిగతా జర్నలిస్టులకు మూడు నెలల నోటీసు అంటే ఎడిటర్‌కు ఆరు నెలలు పెట్టింది, ఆ కుర్చీ సంగతి తెలిసే. ఉద్యోగం పోగానే సభ్యత్వం పోతే, సంఘం అండ అవసరమైన రోజునే మనిషిని బయటికి నెట్టినట్టు అవుతుంది. ఏడాది పాటు పూర్తి ఓటుతో కొనసాగనివ్వు. ఆ తర్వాత మళ్లీ ఎడిటర్ కాకపోతే అసోసియేట్‌కి మార్చు. పదేళ్లు ఎడిటర్‌గా చేసి రిటైర్ అయినవారికి జీవితకాల సభ్యత్వం ఇవ్వొచ్చు. ఓటు ఇవ్వకు, అలిగితే అలగనీ. రాజకీయ పార్టీ పదవి, ప్రభుత్వ పీఆర్వో ఉద్యోగం తీసుకున్నవారి సభ్యత్వం మాత్రం ఆ రోజే ఆగాలి.

దరఖాస్తు మీద నిర్ణయానికి 45 రోజుల గడువు పెట్టు. తిరస్కరిస్తే కారణం రాసి మినిట్స్ బుక్కులోకి ఎక్కించు, అప్పీలు సర్వసభ్య సమావేశానికి. ఓటరు జాబితాను ఎన్నికలకు 60 రోజుల ముందు మూసెయ్. ఆఖరి వారంలో ఒకే చేతిరాతతో కట్టలుగా దరఖాస్తులు, ఒకే రశీదు మీద ఫీజులు వస్తాయి.

సొసైటీ రిజిస్ట్రేషన్‌కు మన 2001 చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సంతకం పెట్టాలి. ఆ ఏడుగురి దరఖాస్తులు, ఆధారాలు కూడా ఇదే పరీక్ష పెట్టి మొదటి ఫైలుగా భద్రపరచు. నీ ఉత్తరంలోని ఏడు పేర్లలో ఐదో ఆయన ప్రకటనల మేనేజర్ అని నువ్వే రాశావు. రిజిస్ట్రార్ ఆఫీసుకు కాగితాలు వెళ్లకముందే ఆయనతో కూర్చుని మాట్లాడి, ఆ పేరు మార్చు.

ఇట్లు,
బాబాయి