సముద్రంలో దిగిన సైన్స్ బెలూన్‌ని ఎలా వెనక్కి తెస్తారు?

30 కిలోమీటర్ల పైకి పంపిన బెలూన్ సముద్రంలో పడితే పరికరాలు పోయినట్టేనా అని అడిగారు. చాలావరకు పోవు. ఎందుకంటే దాన్ని పడనివ్వరు, చూసుకుని దింపుతారు.

జపాన్ అంతరిక్ష సంస్థ జాక్సా హొక్కైడోలోని తైకి నుంచి చేసే పద్ధతి నాకు భలే నచ్చుతుంది. వేసవిలో అక్కడ 10, 12 కిలోమీటర్ల ఎత్తులో గాలి తూర్పుకి, ఇంకా పైనుండే స్ట్రాటోస్ఫియర్ పొరలో పడమరకి వీస్తుంది. బెలూన్‌ని ముందు పసిఫిక్ మీదికి పోనిచ్చి, తర్వాత ఇంకా పైకి లేపితే అదే తీరం వైపు తిరిగొస్తుంది. దీన్ని బూమరాంగ్ అంటారు. బోటు తొందరగా చేరగల చోటికి రాగానే రేడియో కమాండ్‌తో పరికరాల పెట్టెను విడగొడతారు. పెట్టె పారాచూట్‌తో దిగి తేలుతుంది, జీపీఎస్ సిగ్నల్ పట్టుకుని బోటు వెళ్తుంది. డేటా ఉన్న భాగం నీరు చొరని డబ్బాలో ఉంటుంది.

అసలు చిక్కు బెలూన్ పొరతోనే. కూరగాయల కవర్‌లా పల్చని పాలిథిన్. తడిసి ప్రొపెల్లర్‌కి చుట్టుకుందంటే బోటుకే ఇంకో బోటు కావాలి! వదిలేస్తే సముద్ర జీవులకు ముప్పు.

తీరం దూరమైతే ఇదంతా కుదరదు. 2023 మేలో న్యూజిలాండ్‌లోని వనాకా నుంచి నాసా పంపిన బెలూన్ లీకై ఒకటిన్నర రోజుకే పసిఫిక్‌లో దిగింది. పరికరాల బరువునే లంగరులా వాడి మొత్తాన్నీ అడుక్కి ముంచేశారు.

మన హైదరాబాద్‌లో టీఐఎఫ్ఆర్ (టాటా పరిశోధన సంస్థ) పంపే బెలూన్ల పరికరాలు నేల మీదే దిగుతాయి. అక్కడ టెన్షన్ వేరు, ఎవరైనా పెట్టె విప్పేస్తారేమోనని.