మంచుకోట కథ రాసిన బిడ్డకు

హనుమకొండ

చిరంజీవి బిడ్డకు,

ఆశీస్సులు. గోదావరిఖని నుంచి నువ్వు రాసిన ఉత్తరమూ, దానితోపాటు పంపిన నలభై ఆరు పేజీల కథా అందాయి. కథను రెండుసార్లు చదివాను. మొదటిసారి పెన్సిల్ ముట్టుకోలేదు, రెండోసారి పెన్సిల్ కింద పెట్టలేదు. ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ రాయాలనుకునేవాళ్లు ఏయే పుస్తకాలు చదవాలి, వాటిలో మీకు ఇష్టమైనవి ఏవి అని అడిగావు. పేర్ల పట్టిక రాసి పంపడం సులువే గాని, నీ కథలోని ఒక పేజీని పక్కన పెట్టుకుని చెబితేనే ఆ పుస్తకాలు నాకెందుకు ఇష్టమో నీకు తెలుస్తుంది.

అది పదకొండో పేజీ. యుద్ధంలో చనిపోయిన యువరాజును మాంత్రికుడు మూడు మాటల మంత్రంతో లేపి కూర్చోబెడతాడు. వాక్యాలు బాగానే కుదిరాయి. కాని ఆ క్షణం నుంచి నాకు కథలో ఎవరి ప్రాణం మీదా బెంగ లేకుండా పోయింది. ఇరవై రెండో పేజీలో యువరాణి మంచుకోట బురుజు మీది నుంచి జారిపోతుంటే, మాంత్రికుడు దగ్గర్లో ఉన్నాడా అని చూశానే తప్ప ఆమె కోసం ఆదుర్దా పడలేదు. చచ్చినవాణ్ని లేపినందుకు అతనికి పోయింది ఏమీ లేదు గనుక, మళ్లీ లేపుతాడులే అనిపించింది.

ఈ తప్పు నేనూ చేసినవాణ్నే. నా మొదటి సైన్స్ ఫిక్షన్ కథలో ఒక కుర్రవాడు కాలయంత్రం ఎక్కి రుద్రమదేవి కాలం నాటి ఓరుగల్లు కోటకు పోయి, కనిపించిన ప్రతివారితోనూ ఇప్పటి తెలుగులో హాయిగా మాట్లాడి, రాత్రి అన్నం వేళకు ఇల్లు చేరుకుంటాడు. ఒక వారపత్రిక సంపాదకుడు దాన్ని తిప్పి పంపుతూ, చివరి కాగితం వెనుక "పోయినవాడు ఏం పోగొట్టుకుని వచ్చాడు?" అని ఒక్క వాక్యం రాశారు. ఆయన మీద రెండేళ్లు కోపంగా ఉన్నాను. కోపం చల్లారిన తరువాత, నాకు ఇష్టమని చెప్పుకుంటున్న పుస్తకాలను ఆ ప్రశ్నతోనే మళ్లీ తెరిచాను.

అలా తెరిచినవాటిలో మొదటిది హెచ్.జి. వెల్స్ 1897లో ప్రచురించిన 'ది ఇన్విజిబుల్ మ్యాన్'. ఎవరికీ కనిపించకుండా తిరగడమంటే మనకు వెంటనే సుఖాలే తోస్తాయి. వెల్స్‌కు మాత్రం చలి తోచింది. మనిషి మాయమవుతాడు గాని బట్టలు మాయం కావు కనుక, అతడు లండన్ నగరంలో జనవరి చలికి ఒంటి మీద నూలుపోగు లేకుండా తిరగాలి. తిన్న తిండి ఒంటబట్టేదాకా కడుపులో అలాగే కనిపిస్తుంది. మంచు కురిస్తే మీద పేరుకుని అతని ఆకారాన్ని పట్టిస్తుంది. కుక్కలు వాసన పట్టి వెంటపడతాయి. బురదకాళ్లతో మెట్లెక్కితే ఆ అడుగుజాడలు చూసి వీధిపిల్లలు వెంటపడతారు. రచయిత కోరిన అబద్ధం ఒక్కటే, మిగిలినదంతా ఆ అబద్ధానికి నిజాయితీగా కట్టిన లెక్క. నువ్వు ఈ నవలను కథ కోసం ఒకసారి చదివి, రెండోసారి కాగితం పెట్టుకుని అతనికి ఎదురైన ఇబ్బందులను మాత్రం రాసుకుంటూ చదువు.

రెండోది ఉర్సులా లెగ్విన్ 1968లో రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'. నీ కథకు అన్నిటికంటే దగ్గరి చుట్టం ఇదే. అక్కడ ఒక దీవిలో వాన కురిపిస్తే మరో దీవిలో కరువు రావచ్చు. అందుకే గురువులు శిష్యులకు మంత్రం నేర్పడంతోపాటు దాన్ని ఎప్పుడు వాడకూడదో కూడా నేర్పుతారు. గెడ్ అనే కుర్ర మాంత్రికుడు పంతానికి పోయి చచ్చినవారిని పిలుస్తాడు, అంటే నీ పదకొండో పేజీలో జరిగిన పనే చేస్తాడు. ఆ పిలుపుతో తెరుచుకున్న దారిని మూయడానికి వృద్ధుడైన ప్రధాన మాంత్రికుడు తన శక్తినంతా ధారపోసి ప్రాణం విడుస్తాడు. గెడ్ ముఖం మీద జీవితాంతం మానని మచ్చ మిగులుతుంది, అతడే విడిచిపెట్టిన ఒక నీడ అతణ్ని వెంటాడడం మొదలుపెడుతుంది. మిగిలిన నవల అంతా ఆ ఒక్క రాత్రికి చెల్లించే బాకీయే. అన్నట్టు గెడ్ తెల్లనివాడు కాడు, రాగిరంగువాడు. నీ యువరాజుకు పాల రంగు ఇచ్చేముందు ఒకసారి ఆలోచించు.

పరాయి దేశాల మాటలే చెబుతున్నానని అనుకోకు. మన బమ్మెర పోతన భాగవతం నవమస్కంధంలో రేవతి కథ చదువు. కూతురికి తగిన వరుడెవరో అడుగుదామని కకుద్మి అనే రాజు ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళతాడు. అక్కడ పాట సాగుతుంటే ముగిసేదాకా ఆగుతాడు. ఆ కాసేపట్లో భూమి మీద ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోయాయని, అతడు మనసులో అనుకున్న వరులూ వారి మనవలూ ఎవరూ మిగలలేదని బ్రహ్మ నవ్వి చెబుతాడు. పాట విన్నందుకు ఆ తండ్రి చెల్లించిన మూల్యం చూశావా! బలరాముడితో రేవతి పెళ్లి అవుతుంది గాని, ఎరిగిన మనిషి ఒక్కరూ లేని లోకానికి దిగివచ్చిన ఆ పిల్ల మొదటి రాత్రి ఎలా నిద్రపోయిందో ఎవరూ రాయలేదు. నాకే రాయాలని చాలాకాలం ఉండేది. ఇక నాచేత కాదు, ఓపిక ఉంటే నువ్వు రాసుకో.

చిన్నప్పుడు నన్ను ఈ దారి పట్టించినవి మాత్రం చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్, వాటికి చిత్రా గారు వేసిన బొమ్మలు. పరకాలలో మా ఇంటి పక్కవాళ్లు పుస్తకం ఇచ్చేటప్పటికి ఒక్కోసారి చివరి పేజీ ఉండేది కాదు, ఆ నెలంతా మిగిలిన కథ నేనే అల్లుకునేవాణ్ని. తరువాయి భాగం కోసం పాఠకుణ్ని ఎలా కూర్చోబెట్టాలో వాటి దగ్గర నేర్చుకో. మంత్రశక్తికి చెల్లించవలసినదేమిటో మాత్రం అక్కడ అంతగా దొరకదని, ఎంత ప్రేమ ఉన్నా, చెప్పక తప్పదు.

1942లో వచ్చిన అసిమోవ్ రోబో కథ 'రన్‌అరౌండ్', 1905లో మద్రాసు పత్రికలో అచ్చయిన బెంగాలీ రచయిత్రి బేగం రొకేయా కథ 'సుల్తానాస్ డ్రీమ్' చిన్నవే, ఒక్క పూటలో రెండూ అయిపోతాయి. టోల్కీన్ పెద్ద నవల 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'ను మూడో ప్రయత్నంలోగాని ముగించలేకపోయాను కాబట్టి, నువ్వు 1937 నాటి 'ది హాబిట్'తో మొదలుపెట్టు. ఆయన పాత ఇంగ్లీషు భాష చెప్పిన ఆచార్యుడు, సొంతంగా భాషలు కల్పించుకుని వాటిని మాట్లాడే జాతుల కోసం కథలు రాశాడు. ఆయన కోటలు ఆయన చదువులోంచి లేచినవి. నీ మంచుకోట మాత్రం, నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, సినిమాలోంచి లేచింది.

మీ బాపు బొగ్గుబాయిలో పనిచేస్తారని రాశావు. ఆయన తవ్వే బొగ్గు పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన అడవి; రాక్షసబల్లులు పుట్టకముందే అది నేలలో కూరుకుపోయింది. ఆ తరువాతెప్పుడో జురాసిక్ కాలంలో ఇక్కడ తిరిగిన ఒక రాక్షసబల్లి ఎముకలు ఈ గోదావరి లోయలోనే ఉన్న యామనపల్లి దగ్గర దొరికాయి. దానికి కోటాసారస్ అని పేరు పెట్టారు, అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. ఎన్నడూ మంచు చూడని నువ్వు మంచును మూడు పేజీలు వర్ణించావు, ఈ నేలకు మాత్రం ఒక్క వాక్యమైనా ఇవ్వలేదు. కథను తెచ్చి గోదావరిఖనిలోనే పెట్టమని అనడం లేదు. కాని నీ మాంత్రికుడు చచ్చినవారి లోకంలోకి దిగేటప్పుడు అక్కడి చీకటి ఎలా ఉంటుందో నీకు చెప్పగలిగినవారు ఇంట్లోనే ఉన్నారు. బాపుకు రాత్రి షిఫ్టు లేని రోజు చూసి, టోపీ మీది లైటు ఆరిపోతే బాయి లోపల ముందుగా ఏం వినబడుతుందో అడుగు.

పదకొండో పేజీని మాత్రమే మళ్లీ రాసి పంపు. మిగతా నలభై అయిదూ తరువాత చూద్దాం. యువరాజు లేచి కూర్చున్నాక మాంత్రికుడు ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నప్పుడు అతనికి ఏది లేకుండా పోయిందో అందులో ఉండాలి. వెల్స్, లెగ్విన్ పుస్తకాలు రెండూ ఈ కవరులోనే పెట్టాను. లెగ్విన్ పుస్తకం అట్ట ఊడింది, జాగ్రత్తగా తెరువు.

మీ సార్