తర్వాత కూర్చునేవాళ్లకి ఏమీ మిగల్చని బ్రౌజర్

"ప్రైవసీ కావాలి, స్పీడ్ కావాలి, అక్కర్లేని ఫీచర్లు ఉండకూడదు. ఏ బ్రౌజర్ వాడాలి?" అని అడిగారు. ఫైర్‌ఫాక్స్ వాడండి, అందులో యాడ్‌లు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకోండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానో తెలియాలంటే మా షాపు సంగతి వినాలి.

జగిత్యాల బస్టాండ్ దగ్గర నాకు నెట్ సెంటర్, జిరాక్స్ షాపు ఉన్నాయి. 2009 నుంచి ఇదే పని. ఆరు మెషీన్లు. హాల్ టికెట్లు, స్కాలర్‌షిప్ అప్లికేషన్లు, వెబ్ ఆప్షన్లు, పాన్ కార్డులో పేరు సవరణలు, గల్ఫ్‌కి పోయేవాళ్ల వీసా ప్రింట్లు. సీజన్‌లో ఒక్కో కుర్చీలో రోజుకి ఇరవై మంది కూర్చుని లేస్తారు. సొంత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి ప్రైవసీ అనగానే పెద్ద కంపెనీలు గుర్తొస్తాయి. నాకు మాత్రం ముందుగా గుర్తొచ్చేది, అదే కుర్చీలో తర్వాత కూర్చునే మనిషి.

2019, ఎంసెట్ కౌన్సెలింగ్ రోజులు. ఫైళ్లు పట్టుకున్న తండ్రులతో షాపు నిండిపోయింది. సాయంత్రం ఒక డిగ్రీ కుర్రాడు వచ్చి కౌంటర్ పక్కన నిలబడ్డాడు. కుర్చీ ఖాళీ అయినా కూర్చోలేదు. జనం పలచబడ్డాక దగ్గరికి వచ్చి, "అన్నా, ఒక్క మాట. నా ఫోన్ల ఎవరెవరియో పాస్‌వర్డ్‌లు వచ్చినయ్" అన్నాడు.

ఫోన్ చేతిలోకి తీసుకుని చూశాను. సేవ్ అయిన పాస్‌వర్డ్‌ల జాబితా. కౌన్సెలింగ్ సైటు, స్కాలర్‌షిప్ సైటు, రెండు బ్యాంకులు, పాస్‌పోర్టు సైటు, ఎవరిదో ఫేస్‌బుక్. వేలితో జరుపుతుంటే వస్తూనే ఉన్నాయి. మొత్తం నలభై మూడు. ఆ రోజు పొద్దున్నే వచ్చి రెండు గంటలు కూర్చుని ఆప్షన్లు పెట్టుకున్న అమ్మాయిది కూడా అందులో ఉంది. వాళ్ల నాన్న నాకు తెలిసిన మనిషే. ఆ అమ్మాయి ఏ కాలేజీకి వెళ్తుందో ఆ ఆప్షన్లే తేలుస్తాయి. నాకు చేతులు చల్లబడ్డాయి.

జరిగింది ఇది. నాలుగు రోజుల ముందు ఈ కుర్రాడు మూడో మెషీన్ మీద రెజ్యూమె పంపడానికి మెయిల్ తెరిచాడు. ఈ అకౌంట్‌ని బ్రౌజర్‌కి కలపమంటారా అని ఒక పెట్టె వచ్చింది. ఎస్ నొక్కి, పని చూసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత కూర్చున్న ప్రతివాళ్లకీ "పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా" అని అడగడం, ఆ పెట్టె పోతే చాలని వాళ్లు నీలం బటన్ నొక్కడం. అవన్నీ సింక్ అయి, అంటే వాటంతటవే కాపీ అయి, కుర్రాడి అకౌంట్‌లోకి, అక్కడి నుంచి ఫోన్‌లోకి చేరాయి. ఎవరూ దొంగతనం చేయలేదు, ఏదీ హ్యాక్ కాలేదు. అందరూ తెరమీద పెద్దగా కనిపించిన బటనే నొక్కారు.

ఆ రాత్రి షట్టర్ సగం దించి పదకొండున్నర దాకా ఇద్దరం కూర్చున్నాం. సైటు పేరు, యూజర్ నేమ్ మాత్రం కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటీ డిలీట్ చేశాం. 2011 సైబర్ కెఫే నిబంధనల ప్రకారం మేం వచ్చినవాళ్ల వివరాలు రిజిస్టర్‌లో రాయాలి, ఏడాది పాటు ఉంచాలి. విసుగు పుట్టించే ఆ రిజిస్టరే ఆ రోజు కాపాడింది. అందులోని నంబర్లకి ఫోన్లు చేశాను. ఒకాయన నన్నే మోసగాడనుకుని "ఓటీపీ చెప్ప, ఏం చేసుకుంటవో చేసుకో" అని పెట్టేశాడు. ఆయన జాగ్రత్తకి నాకు సంతోషమే వేసింది. ఆ అమ్మాయిని బైక్ మీద ఎక్కించుకుని వాళ్ల నాన్న రాత్రి పదింటికి వచ్చాడు. ఆప్షన్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కౌంటర్ దగ్గరే పాస్‌వర్డ్ మార్చుకుని వెళ్లారు. ఆ కుర్రాడు నోరు మెదపకుండా ఉండిపోయుంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

మర్నాడే ఆరు మెషీన్లలో ఫైర్‌ఫాక్స్ వేయించాను. సెట్టింగ్స్‌లో హిస్టరీ గుర్తుపెట్టుకోవద్దని, పాస్‌వర్డ్ సేవ్ చేయమని అడగనే వద్దని పెట్టాం. బ్రౌజర్‌లో ఏది పనిచేయాలో ఏది వద్దో చెప్పే పాలసీ ఫైల్ అని ఒకటి ఉంటుంది. మా అక్క కొడుకు అది రాసి, అకౌంట్ కలిపే దారినే మూసేశాడు. కస్టమర్ లేవగానే నేను బ్రౌజర్ మూస్తాను, కుకీలు, అంటే ఎవరు లాగిన్ అయ్యారో సైట్లు గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లు, పోతాయి. ఏ సైట్లు చూశారన్న లాగ్ కూడా ఏడాది ఉంచాలని అవే నిబంధనలు అంటాయి. దాన్ని విడిగా నా మెషీన్‌లో ఉంచుతున్నాను. అది కస్టమర్ కూర్చునే చోట ఉండాల్సిన పని లేదు.

"ఇన్‌కాగ్నిటో పెట్టుకుంటే సరిపోదా అన్నా" అని పిల్లలు అడుగుతారు. క్రోమ్‌లో ఉండే ప్రైవేట్ విండో అది. సరిపోదు. ఇన్‌కాగ్నిటోలో హిస్టరీ పోతుంది, కుకీలు పోతాయి. దింపిన ఫైలు మాత్రం డౌన్‌లోడ్స్‌లో అలాగే కూర్చుంటుంది. ఈ-ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ ఏమిటో తెలుసుగా: పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు కాపిటల్‌లో, దాని వెనక పుట్టిన సంవత్సరం. ఊళ్లో మనిషి తెలిసిన ఎవరైనా రెండు మూడు ప్రయత్నాల్లో తెరిచేస్తారు. అందుకే మెషీన్ ఆన్ చేసినప్పుడల్లా డౌన్‌లోడ్స్ తనంతట తనే ఖాళీ అయ్యేలా ఒక చిన్న కమాండ్ల ఫైలు (బ్యాచ్ ఫైల్) పెట్టుకున్నాం. ఇక కంపెనీల నుంచి దాచడం అంటారా, ఇన్‌కాగ్నిటోలో కూడా గమనిస్తున్నారని అమెరికాలో 2020లో గూగుల్ మీద కేసు పడింది. 2024లో రాజీ కుదిరి, ఆ రికార్డులు తుడిచేయడానికి గూగుల్ ఒప్పుకుంది.

బ్రౌజర్ గురించి ఇంత ఆలోచించే మనుషులే ప్రింట్ కోసం ఆధార్, పాస్‌బుక్, వీసా కాపీ అన్నీ షాపువాడి వాట్సాప్‌కి పంపి వెళ్లిపోతారు. ఇది నాకు చాలా బాధ. నేను రోజూ రాత్రి డిలీట్ చేస్తాను. అందరూ చేస్తారని మీకెలా తెలుసు? ప్రింట్ కాగానే మీ ముందే తీసేయమని అడగండి. అడగడానికి మొహమాటం దేనికి?

స్పీడ్ విషయానికి వస్తే, బ్రౌజర్ల మధ్య పోటీ పరీక్షల అంకెలు నాకు అక్కర్లేదు. మావి నాలుగు జీబీ ర్యామ్ మెషీన్లు. వాటిని మోకాళ్ల మీద కూర్చోబెట్టేది యాడ్‌లే. యాడ్‌లు ఆపితే ఏ బ్రౌజరైనా లేచి పరుగెడుతుంది, ఆపకపోతే ఏదైనా ఈడుస్తుంది. పైగా రిజల్ట్స్ చూపించే కొన్ని ప్రైవేటు సైట్లలో "డౌన్‌లోడ్" అని పచ్చగా మెరిసేది యాడ్, అసలు లింకు కింద ఎక్కడో చిన్నక్షరాల్లో ఉంటుంది. యూబ్లాక్ వేశాక ఆ పచ్చ బటన్లు పోయాయి, వాటితో వచ్చే చెత్త సాఫ్ట్‌వేర్ కూడా పోయింది. క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల నిబంధనలు మార్చింది, మానిఫెస్ట్ వి3 అంటారు. దానితో 2024, 25లలో పూర్తి యూబ్లాక్ ఆరిజిన్ అందులో ఆగిపోయి, లైట్ వెర్షన్ మిగిలింది. ఫైర్‌ఫాక్స్‌లో పూర్తిది ఇంకా నడుస్తోంది, ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా. నాకు ఈ ఒక్క కారణం చాలు. పాత మెషీన్లకి కూడా అదే దిక్కయింది. విండోస్ 7 మీద క్రోమ్ 2023లో 109వ వెర్షన్‌తో ఆగిపోతే, ఎక్కువ కాలం అప్‌డేట్లు ఇచ్చే ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ వెర్షన్‌కి ఆ తర్వాత కూడా సెక్యూరిటీ అప్‌డేట్లు వచ్చాయి.

రిజల్ట్స్ రోజున మాత్రం ఏ బ్రౌజరూ ఏమీ చేయలేదు. సర్వర్ మీద లక్షల మంది పడితే ఇక్కడ బ్రౌజర్ మార్చి ఏం లాభం? ఆ టెన్షన్‌లో పేరెంట్స్ నా మీద అరవడం మానాలి.

అక్కర్లేని ఫీచర్లంటే, అన్నిట్లోనూ ఉన్నాయి. ఒకదాంట్లో కూపన్లు, ఒకదాంట్లో పక్కన ఏఐ పెట్టె, కొత్త ట్యాబ్ తెరిస్తే సినిమా వార్తలు. బ్రేవ్ అనే బ్రౌజర్ బాగుందంటారు, యాడ్‌లు తనే ఆపుతుంది, నిజమే. కానీ అందులో క్రిప్టో వాలెట్ మా కస్టమర్లకి ఎందుకు? 2020లో అడ్రస్ బార్‌లో కొన్ని క్రిప్టో సైట్ల పేర్లు కొడితే తనకి కమీషన్ వచ్చే రెఫరల్ కోడ్‌ని బ్రేవ్ తనే తగిలించిందని బయటపడింది. ఆ కంపెనీ తప్పు ఒప్పుకుని సరిచేసింది, అయినా నాకు నమ్మకం కుదరలేదు. ఫైర్‌ఫాక్స్ మీదా గొడవలున్నాయి. 2025 ఫిబ్రవరిలో దాన్ని తయారుచేసే మొజిల్లా పెట్టిన నిబంధనల మీద జనం కోప్పడితే పదాలు మార్చుకుంది. దాని ఆదాయంలో పెద్ద భాగం గూగుల్ సెర్చ్ ఒప్పందం నుంచే వస్తుంది. ఇవన్నీ తెలిసే వాడుతున్నాను. ఎందుకంటే నాకు అక్కర్లేనివి మూసేసుకునే వీలు అందులో ఉంది.

మీ సొంత ఫోన్, సొంత ల్యాప్‌టాప్ అయితే ఇందాక చెప్పిందే చేయండి, పది నిమిషాల పని. బయట నెట్ సెంటర్‌కి వెళ్లాల్సి వస్తే, వాట్సాప్‌కి పంపే బదులు ఒక పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి. సేవ్ అన్న పెట్టె వస్తే నెవర్ నొక్కండి. లేచే ముందు లాగవుట్ అయి, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరవమనండి. మా షాపుకి వస్తే అడగక్కర్లేదు, నేనే తెరిచి చూపిస్తాను.