ఇసుక చదువు చదివితే బతుకుతుందా?

ప్రశ్న: మాది ఛత్రపురం. ప్లస్‌టూ అయిన మా అమ్మాయి జియాలజీ చదువుతానంటోంది. ఇసుకలోని జిర్కాన్ గింజల వయసు కట్టి, మాయమైన సముద్రాల కథ తేలుస్తుందట. ఇసుక చదువేంటని తిట్టాను. భువనేశ్వర్‌లో ఏఐ బీటెక్ సీటు మాట్లాడాం. రెండింట్లో ఏది మంచిది?

జవాబు: ఏది మంచిదని అడిగారు గానీ, మీ టెన్షన్ వేరు. ఉద్యోగం రాకపోతే? ఆడపిల్ల కొండల్లో తిరగగలదా? గంజాం, గజపతి, రాయగడ వైపు నుంచి ప్రతి ఏడూ ఇదే భయం వింటున్నాను.

ముందు అమ్మాయి చెప్పేది వినండి. మీ తీరం ఇసుకలోంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ తీసే ఖనిజాల్లో జిర్కాన్ ఒకటి. శిలాద్రవం చల్లారేటప్పుడు పుట్టే ఈ గింజ యురేనియాన్ని ఇముడ్చుకుంటుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. ఆ యురేనియమే మెల్లగా సీసమవుతుంది. రెండింటి పాళ్లు కొలిస్తే వయసు తేలుతుంది. కొండ అరిగిపోయినా గింజ మిగిలి, ఏటివెంట కొట్టుకొచ్చి ఇసుకలో చేరుతుంది. హిమాలయాల్లో, ఒకప్పటి భారత్ అంచున పేరుకున్న రాళ్లలో, సుమారు 6 కోట్ల ఏళ్ల నాటి పొరల నుంచి, వయసును బట్టి టిబెట్ వైపువని తెలిసే గింజలు కనిపిస్తాయి. భారత్, టిబెట్‌ల నడుమ ఒకప్పటి టెథిస్ సముద్రం ఉండగా ఏరు వాటిని ఇటు మోసుకురాలేదు. అంటే అక్కడ సముద్రం మూసుకుపోయిందన్నమాట. గింజల వయసులు ఏ కాలంలో గుమిగూడితే, అప్పుడు శిలాద్రవం జోరుగా పొంగి ఉండొచ్చని ఓ అంచనా. ఆ వయసు పిల్లకు ఇది పట్టుబడితే తిడతారా? తప్పండీ.

ఏఐ సీటు మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. చాలా కాలేజీల్లో బోర్డు మీద ఏఐ చేరింది గానీ, లోపల పాఠం చెప్పేవాళ్లు పాతవాళ్లే. ఇవాళ నేర్పే టూల్స్ నాలుగేళ్ల తర్వాత ఉంటాయో లేదో. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లయితే సరే, చుట్టాలు మెచ్చుకుంటారని మాత్రం అప్పుచేసి చేర్చకండి.

జిర్కాన్ పరిశోధనకు పీహెచ్‌డీ దాకా ఓపిక కావాలి, నిజమే. అంతదూరం వెళ్లకపోయినా, జియాలజీ ఎమ్మెస్సీతో యూపీఎస్సీ జియో-సైంటిస్ట్ పరీక్ష రాసి జీఎస్‌ఐలో (భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో) చేరవచ్చు. దామన్‌జోడి బాక్సైట్ లాంటి గనులకూ జియాలజిస్టులు కావాలి. ఇక కొండల భయమా? ఫీల్డ్‌కి బృందంగా వెళ్తారు. ఈ పనిలో చాలా భాగం ల్యాబ్‌లోనే: మైక్రోస్కోప్ కింద గింజలు ఏరడం, రెజిన్‌లో పొదిగి నునుపు చేయడం, లేజర్‌తో కొట్టి కొలవడం.

బీటెక్ ఫీజు కట్టకుండా ఓ వారం ఆగండి. జియాలజీ ఉన్న కాలేజీకి అమ్మాయిని తీసుకెళ్లి, లెక్చరర్‌తో తననే మాట్లాడనివ్వండి. మీరు పక్కన కూర్చుంటే చాలు.