ఇంట్లో అడగడానికి మనిషి ఉన్నాడా లేడా, తేడా అక్కడే వస్తుంది

ఒకే బడి, ఒకే పుస్తకం, అయినా హైస్కూల్లో కొందరికే ఇంగ్లీష్ ఎందుకొస్తుంది, పేదింటి పిల్లలకి తెలివి తక్కువా అనడిగారు. తెలివి సంగతి పక్కన పెట్టీండి. నేను ఉత్తరాంధ్రలో రాజాం దగ్గర ఒక ఊళ్ళో సాయంత్రాలు హైస్కూల్ పిల్లలకి ట్యూషన్ చెప్తాను, నేనూ జడ్పీ హైస్కూల్లో తెలుగు మీడియం చదివినవాడినే, కాబట్టి చూసిందే చెప్తున్నా.

నా దగ్గర ఒక బ్యాంకు ఉద్యోగి కూతురు, ఒక తాపీ మేస్త్రి కొడుకు ఉన్నారు, ఇద్దరూ తొమ్మిదే. లెక్కల్లో కుర్రోడే ముందు. ఇంగ్లీష్ పుస్తకం తీస్తే మాత్రం వాడు ముందు పెన్సిల్ తీస్తాడు, ప్రతి మాట మీదా సన్నగా తెలుగులో 'బికాజ్', 'ఎనఫ్' అని రాసుకుని ఆ తెలుగే చదువుతాడు, కింద స్పెల్లింగ్ వైపు కన్ను పోదు. వినేవాళ్ళకి గడగడా చదివీసినట్టే ఉంటుంది గానీ ఆ పెన్సిల్ రాత చెరిపేస్తే రెండో లైన్లో ఆగిపోతాడు. ఆ పిల్లకి ఆ అవసరం లేదు, తెలీని మాటొస్తే ఇంటికెళ్ళి 'నాన్నా ఇదేటి' అంటే చెప్పే మనిషి ఉన్నాడు, తప్పు మాట్లాడినా ఎవరూ నవ్వరు కాబట్టి తనే దిద్దుకుని ముందుకెళ్ళిపోద్ది. వీడి నాన్న ఏడాదిలో చాలా నెలలు చెన్నైలో పనిలో ఉంటాడు, అమ్మ ఉపాధి పనికెళ్తుంది, ఆయన ఫోన్ చేస్తే అడిగేది ఒకటే, 'సారూ, మా గుంటడికి ఇంగ్లీషొచ్చీసిందా?'

మార్కుల్లో ఈ తేడా పెద్దగా కనపడదు. పదిలో ఇంగ్లీష్ పాస్ మార్కు 35, బట్టీతో అది దాటొచ్చు. గైడ్‌లో పిక్నిక్ లెటర్ బట్టీ పట్టినోడు సైన్స్ ఎగ్జిబిషన్ గురించి రాయమన్నా పిక్నిక్కే రాసొస్తాడు. ఫీజు కట్టి ప్రైవేట్‌లో వేస్తే పోద్దనుకోకండి, మా చుట్టుపక్కల చిన్న ఇంగ్లీష్ మీడియం బళ్ళలోనూ ఇదే బట్టీ, కాకపోతే టై కట్టుకుని.

గవర్నమెంట్‌కీ ఈ తేడా తెలుసు. మన ట్రిపుల్ ఐటీల్లో, అంటే ఆర్జీయూకేటీలో, అడ్మిషన్‌కి నాన్ రెసిడెన్షియల్ ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకి 4 శాతం డిప్రివేషన్ స్కోర్, అంటే సదుపాయాలు తక్కువున్నందుకు అదనపు మార్కులు, కలుపుతారు. అది ఊరికే ఇచ్చిన మార్కులని నసిగేవాళ్ళు ఉంటారు, నా లెక్కలో అది తక్కువే. 2020 నుంచి ఒక్కో తరగతికీ ప్రభుత్వ బడిలో లెక్కలు, సైన్స్ లాంటి పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీ తెలుగుగా వస్తున్నాయి, అదీ మంచిదే. పిల్లలు తెలుగు పేజీయే చదువుతున్నారని కొందరు టీచర్లు తిడతారు గానీ, అసలు పాఠం అర్థం కాకపోతే ఇంగ్లీష్ పేజీ ఏం చేసుకుంటాడు?

నేను చేసేదేంటంటే, పెన్సిల్ రాత మాన్పించి, వాడికి బాగా తెలిసినదే ఇంగ్లీష్‌లో చెప్పమంటాను. సిమెంటు, ఇసుక పాళ్ళు ఎలా కలుపుతారో చెప్పరా అన్నా. 'వన్ సిమెంట్, సిక్స్ శాండ్, వాటర్ స్లో స్లో' అన్నాడు. ఆ బ్యాంకు వాళ్ళమ్మాయి ఎదురు ప్రశ్నలేసింది, ఎందుకంటే ఆ విషయం తనకి తెలీదు. ఆ రోజు వాడు మాట్లాడినంత ఇంగ్లీష్ అంతకుముందు ఎప్పుడూ మాట్లాడలేదు. వెంటనే గ్రామర్ దిద్దొద్దు, చివర్లో ఒకటో రెండో చెప్పండి చాలు.

ఫోన్లో యాప్‌లు పనికొస్తాయా అని కూడా అడిగారు. వినడానికి పనికొస్తాయి, అదీ ఫోన్ వాడి చేతిలో ఉంటే. మా వాడింట్లో ఉన్న ఒక్క ఫోన్ నాన్నతో చెన్నైలో ఉంటుంది, కాబట్టి మీ ఊళ్ళో డిగ్రీ చదివే అక్కో అన్నో ఎవరైనా ఉంటే ముందు వాళ్ళని పట్టుకోండి, రోజూ ఓ పావుగంట పక్కన కూర్చుని చదివిస్తే చాలు.